తొమ్మిదో బిళ్ల

కాసియన్ చేతికర్ర మీద ముప్పై ఎనిమిది బిళ్లలున్నాయి. వాటిలో ముప్పై ఏడు నిజం, ఒకటి అబద్ధం. ఆ సంగతి తెలిసిన మనిషి లోకం మొత్తానికి ఒక్కతే, అతని భార్య నోట్‌బుర్గా. కింది నుంచి లెక్కపెడితే తొమ్మిదోది. నలభై మూడేళ్లుగా అది కంటపడినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండేది. కర్ర వీధి తలుపు పక్కనే ఉండేది కాబట్టి రోజూ మండేది. అయినా పైకి ఒక్క మాట అన్న పాపాన పోలేదు.

బిళ్లంటే పెద్దదేం కాదు. బొటనవేలంత రేకు ముక్క, దాని మీద ఒక కొండో చర్చో చెరువో ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉంటుంది, రెండు చివర్లా రెండు బుల్లి మేకులు. లెహ్ నది లోయలో నడక అలవాటున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి బిళ్లలు కొట్టిన కర్ర ఒకటి కనిపిస్తుంది. బిళ్లలు ఏ కొట్లో పడితే ఆ కొట్లో దొరుకుతాయి. కానీ కాళ్లతో నడిచి చేరుకోని చోటి బిళ్లని కర్రకి కొట్టకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు, రాయాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు. రైలెక్కి వెళ్లి బిళ్ల కొనుక్కొచ్చాడని తేలిన ఒక పోస్టుమాస్టరు పక్కన పదిహేనేళ్లపాటు ఎవరూ కూర్చుని బీరు తాగలేదు. పాపం, చివరికి అతను వేరే లోయకి బదిలీ చేయించుకున్నాడు.

ఇప్పుడు కాసియన్‌కి డెబ్భై నిండబోతున్నాయి. డెబ్భై నిండిన సభ్యుడి కర్రని నడక సంఘం వాళ్లు తమ గది గోడకి తగిలిస్తారు. తగిలించే ముందు ఆ మనిషి అందరి ఎదుటా నిలబడి, కింది చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో బిళ్లా తడుముతూ ఆ నడక సంగతి చెప్పాలి. వచ్చే శనివారమే కాసియన్ వంతు. భార్య ముందు వరసలో కూర్చోవాలి. తొమ్మిదో బిళ్ల దగ్గరికొచ్చేసరికి మొగుడు నిలబడి అబద్ధం చెబుతుంటే, తను కూడా అందరితో కలిసి చప్పట్లు కొట్టాలి.

అది తన వల్ల కాదనుకుంది నోట్‌బుర్గా. పది రోజుల కిందట బంగాళదుంపలు చెక్కు తీస్తూ, తలెత్తకుండానే, నది దారిలో అప్పట్లో మిగిలిపోయిన ఆఖరి రోజు నడక ఇద్దరం నడిచేద్దామని చెప్పింది. నడిస్తే ఆలస్యంగా అయినా ఆ బిళ్ల నిజమైపోతుంది. కారణం మాత్రం చెప్పలేదు. అతనూ అడగలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి సరేనన్నాడు.

అలా సెప్టెంబరు చివర్లో ఒక గురువారం పొద్దున్న పెద్దకొడుకు వాళ్లని కారులో తీసుకొచ్చి వంతెన దగ్గర దింపాడు. సాయంత్రం ఐదింటికి జలపాతం దగ్గర ఉంటానని, మోకాళ్లు నొప్పెడితే మధ్యలో ఎక్కడైనా బస్సెక్కేయమని చెప్పాడు. బస్సు మాట వినగానే తల్లి మొహం ఎందుకు మాడిపోయిందో అతనికి అర్థం కాలేదు.

లోయ నిండా పొగమంచు. వంతెన సగం దాకా కనిపించి, అక్కడి నుంచి తెల్లదనంలో కలిసిపోయింది. నది ఎక్కడుందో తెలియడం లేదు, చప్పుడు మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తోంది. నోట్‌బుర్గా చెక్కల మీద అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. నలభై మూడేళ్ల కిందట తను ఏ చెక్క మీద నిలబడిందో ఆమెకి ఇప్పటికీ తెలుసనే అనిపించింది. చెక్కలు ఈలోపు నాలుగుసార్లు మార్చి ఉంటారు, అయినా సరే.

అప్పుడు వాళ్లకి పెళ్లయి రెండో వేసవి. నది పుట్టిన కొండ చెరువు దగ్గర మొదలుపెట్టి, ఏడు రోజులు నదితోపాటే దిగి, జలపాతం దగ్గర ముగించాలి. ఇప్పటిలా పసుపుపచ్చ బోర్డులు లేవు, పాత బాటలన్నీ కలుపుకుంటూ అడిగి తెలుసుకుంటూ నడిచేవాళ్లు. ఆమెకి ఇరవై మూడు, ఐదో నెల. ఆ లోయలో ఆడవాళ్లు ఐదో నెలలో గడ్డిమోపులు మోసుకుంటూ ఏటవాలు కొండలు ఎక్కేవాళ్లు, నడవడం ఒక లెక్కా అని అత్తగారే రొట్టె కట్టిచ్చి పంపింది. ఆరు రోజులు నవ్వుకుంటూ నడిచారు. ఏడో రోజు పొద్దున్న ఈ వంతెన మీద ఆమె కాళ్ల వెంబడి నెత్తురు వెచ్చగా జారింది.

ఆస్పత్రిలో పదకొండు రోజులుంది. బిడ్డని చూపించలేదు. ఇంటికెళ్లి మర్చిపో, ఇంకా బోలెడంత వయసుంది అన్నాడు డాక్టరు, జలుబుకి మందు చెప్పినంత తేలిగ్గా. తీరా ఇంటికొచ్చేసరికి తలుపు పక్క కర్రకి కొత్త బిళ్ల మెరుస్తోంది. నురగలు కక్కుతున్న నీళ్లు, కింద "లెహ్ జలపాతం" అన్న అక్షరాలు. తను కడుపు ఖాళీ అయి గోడకేసి తిరిగి పడుకుని ఉంటే, ఈ మనిషి బస్సెక్కి వెళ్లి బిళ్ల కొనుక్కొచ్చాడు. దారి మధ్యలో ఆపేశారని ఊళ్లో ఎవరూ అనకూడదుగా మరి. అంతకంటే ఆమెకి వేరే అర్థం తోచలేదు. ఆ రోజు అడగడానికి నోరు రాలేదు. తర్వాత ఇద్దరు మగపిల్లలు, ఆవులు, మంచాన పడ్డ అత్తగారు, అడిగే రోజు దాటిపోయింది.

కాసియన్ చెడ్డ మొగుడని చెప్పడానికి లేదు. ఇళ్లకీ చర్చిలకీ కప్పు మీద పరిచే చెక్క పెంకులు చీల్చి బిగించడం అతని పని. పనిమంతుడు, తాగి గొడవ చేసిన రోజు లేదు, ఆమెకి జ్వరమొస్తే ఆవుల పాలు తనే పితికేవాడు. మాటలే కరువు. రోజుకి పది మాటలకి మించి వాడితే పన్ను కట్టాలని భయం కాబోలని ఆమె తోడికోడలితో అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఆ పది మాటల్లో తను వినాలనుకున్న ఒక్క మాట లేకపోవడం ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది. మనకో బిడ్డ ఉండేదని అతను ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి, అనాలి. అంతే ఆమెకి కావలసింది. బిళ్ల, శనివారం, చప్పట్లు, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

వంతెన దాటాక బాట నది ఒడ్డు వెంబడే సాగింది. తెల్లటి గులకరాళ్ల మేటలు, మేటల మధ్య పాలలో నీలిమందు చుక్క వేసినట్టు నీళ్లు. పొగమంచు పల్చబడిన చోట ఒక పొదా, ఒక గడ్డి కొట్టమూ కనిపించి మళ్లీ పోతున్నాయి. ఎక్కడో ఆవు మెడగంట మోగింది, ఆవు మాత్రం కనిపించలేదు. ముందు కాసియన్, వెనక ఆమె. అతని వీపు కాసేపు డెబ్భై ఏళ్ల వీపులా, కాసేపు ఇరవై ఏడేళ్ల వీపులా కనిపిస్తోంది. తన కాళ్లు కూడా ఏ వయసువో ఆమెకి సరిగ్గా తెలియలేదు. కాసేపు నొప్పెడతాయి, కాసేపు అసలున్నట్టే ఉండవు. ఇదంతా ఎప్పుడో జరిగిపోయి, ఇప్పుడు గుర్తు మాత్రమే చేసుకుంటున్నానా అనిపించింది. ఆ ఆలోచన బాగుంది, దాన్ని పట్టుకుని చాలాదూరం నడిచింది.

పొదల తర్వాత బాట రెండుగా చీలింది. బోర్డు కొమ్మల చాటున ఉంది. కాసియన్ ఆగలేదు, బోర్డు వంక చూడను కూడా చూడలేదు, ఎడమకి తిరిగి పోతున్నాడు. ఆమె కొమ్మలు తప్పించి బోర్డు చదివింది. జలపాతం ఎడమకే.

దారి నీకెలా తెలుసని అడిగితే, నది ఎటు పోతే అటేగా అన్నాడు. నిజానికి నది కుడి పక్కన ఉంది. ఇంకో పావుగంటకి, ఆ మలుపు దాటితే ఊట ఉంటుంది, సీసా నింపుకోవచ్చు అన్నాడు. మలుపు దాటారు. నున్నగా అరిగిన చెక్క తొట్టిలోకి ఊట పడుతోంది.

ఆమె సీసా నింపుకోలేదు. అక్కడే నిలబడి లెక్కలు వేసింది. నడక సంఘం ఇటువైపు ఎప్పుడూ రాలేదు. పిల్లలతో వచ్చిన గుర్తు లేదు. మరి ఎవరితో వచ్చాడు? పక్క దేశంలో, సరిహద్దు అవతల పని ఉందంటూ నాలుగైదేళ్లకోసారి రెండేసి రోజులు వెళ్లేవాడు. ఆ పనికి కూలి ఎంతిచ్చారో ఎప్పుడూ చెప్పలేదు. అరవై ఆరేళ్ల వయసులో మొగుణ్ణి అనుమానించడం నవ్వులాటగానే ఉంది. కానీ కాలు నొప్పితో నడుస్తున్నప్పుడు నవ్వులాట విషయాలు కూడా కుదురుగా ఉండనివ్వవు.

మధ్యాహ్నం ఒక మేట మీద కూర్చుని తిన్నారు. రై పిండి రొట్టె, పొగబెట్టిన మాంసం, కొండ చీజు, చెరో ఆపిల్. అతను ఎప్పట్లాగే చీజులో మెత్తటి ముక్క ఆమె వైపు జరిపి, గట్టి అంచు తను తీసుకున్నాడు. ఎండ వచ్చింది. వెచ్చటి రాళ్ల మీద ఆమెకి కళ్లు మూతలు పడ్డాయి.

కలలో నది వెనక్కి పారుతోంది. జలపాతం కింది నీళ్లు పైకెక్కి, వంతెన కిందుగా, ఊళ్లన్నీ దాటుకుంటూ, కొండ చెరువులోకి తిరిగి వెళ్లిపోతున్నాయి. ఆమె ఒడ్డున నిలబడి ఆ నీళ్లలో ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తోంది. ఎవరూ రాలేదు. అయినా ఏడుపు రాలేదు, ఇంకాసేపు చూస్తే వస్తారనిపించింది. మెలకువ వచ్చేసరికి కాసియన్ కోటు ఆమె మీద కప్పి ఉంది. అతను నీటి అంచున అటువైపు తిరిగి నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, సంచి మోస్తున్నవాడు కింది నుంచి ఆసరా ఇచ్చినట్టుగా. సంచి ఏమో ఆమె పక్కన రాళ్ల మీద ఉంది.

అతన్ని అలా చూసేసరికి ఆమెకి ఎందుకో కోపం ఆగలేదు. నిద్రమత్తులో నోరు దానంతటదే తెరుచుకుంది.

"తొమ్మిదో బిళ్ల," అంది. "శనివారం దాని గురించి ఏం చెప్తావు?"

అతను తిరిగి చూశాడు. "నడిచానని చెప్తాను."

"ఇవాళ నడిచావు. అప్పుడు నడవలేదు కదా. నేనక్కడ పడుకుని ఉంటే బస్సెక్కి వెళ్లి కొనుక్కొచ్చావు. నలభై మూడేళ్లు, కాసియన్. రోజూ దాన్ని చూస్తూ ఇల్లు ఊడ్చాను."

నది చప్పుడు మధ్యలో దూరంగా వెళ్లిపోయి, మళ్లీ దగ్గరికొచ్చింది.

"బస్సులో కాదు," అన్నాడు చివరికి. "ఇంకో గంట నడువు బుర్గీ. అక్కడికెళ్లాక చెప్తాను."

ఆ గంట నడక ఆమెకి తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా ముక్కలుగానే గుర్తొచ్చేది. బాట నదిని వదిలి బీచ్ అనే ఆకురాల్చే చెట్ల అడవిలోకి ఎక్కింది. ఆకులు అప్పుడే పసుపుపచ్చకి తిరుగుతున్నాయి, కాళ్ల కింద కూడా అదే రంగు, పైనా కిందా ఒకటే వెలుగు. బస్సులో కాదంటే నడిచే వెళ్లాడు. నడిచి వెళ్లాడంటే, తను చావుబతుకుల్లో ఉంటే ఈ మనిషి షికారుగా రోజంతా నడిచాడు. అది బస్సు కంటే ఘోరం. అలా అనుకుంది, అనుకుంటూనే అది నిజం కాదని ఎక్కడో తెలుస్తోంది. ఎందుకంటే అతను ముందు నడుస్తూ రాళ్లున్న చోట, వేళ్లున్న చోట, ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా అడుగు వేస్తున్నాడు. పడితే తనకి కాదు, ఇంకెవరికో దెబ్బ తగులుతుందన్నట్టు.

సరిహద్దు రాయికి కొంచెం ఇవతల, అడవి తెరిపిచ్చిన చోట ఒక బుల్లి చర్చి ఉంది. పదిమంది పడితే గొప్ప. వెనక గోడ కొండవాలుకి ఆనుకుని ఉండటంతో అటువైపు కప్పు చూరు మనిషి భుజాల ఎత్తుకే దిగింది. కప్పు చెక్క పెంకులు వెండి రంగుకి తిరిగాయి. అవి ఎవరి చేతి పెంకులో నోట్‌బుర్గాకి చూడగానే తెలిసిపోయింది. చివర్లు కొంచెం గుండ్రంగా చెక్కడం లోయలో ఒక్కడికే అలవాటు.

"ఈ కప్పు నువ్వేశావా?"

"నాలుగుసార్లు."

ఎవరు పిలిచారంటే ఎవరూ పిలవలేదన్నాడు. తాళంచెవి దగ్గర పెట్టుకునే రైతుని అడిగి తనే వేశాడట. చర్చి వెనక్కి నడిచి, చూరు కింద గడ్డి పెరగని సన్నటి చార దగ్గర ఆగాడు. వాననీళ్లు వరసగా పడి పడి నేల అక్కడ గులకరాళ్లు తేలింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు ఆమెకి తన అమ్మమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, కాళ్లలోంచి పైకి పాకింది. జ్ఞానస్నానం అందకుండా పోయిన పసివాళ్లని పూర్వం శ్మశానంలో పెట్టనిచ్చేవాళ్లు కాదు. తల్లులు ఊరుకోలేక చర్చి చూరు కింద దాచేవాళ్లు. చర్చి కప్పుని తాకి జారిన వాన పడితే అదే వాళ్లకి జ్ఞానస్నానం అని నమ్మకం.

నోట్‌బుర్గా చెయ్యి చాపి గోడ పట్టుకుంది.

కాసియన్ చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ల పెళ్లయ్యాక అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆమెని చేర్చిన మర్నాడు పొద్దున్న ఆస్పత్రిలో మఠం సిస్టర్ ఒకామె అతన్ని వెనక మెట్ల దగ్గరికి పిలిచింది. మన లోయ మనిషే, పెద్దావిడ. తువ్వాల్లో చుట్టింది చేతికిచ్చి, ఎవరూ చూడకముందే తీసుకుపో, ఇక్కడ ఉంచితే ఏం చేస్తారో నీకు చెప్పలేను అంది. అతను సంచిలోంచి రొట్టె తీసేసి, అందులో పెట్టుకున్నాడు.

"రొట్టె ఏం చేశావు?" అని అడిగింది నోట్‌బుర్గా. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు.

"వంతెన మీద పెట్టేశాను."

ఊరికి తీసుకురావచ్చు కదా అంది. అక్కడి ఫాదర్ ఒప్పుకోడని తెలుసు, అడిగి లేదనిపించుకోవడం ఇష్టం లేకపోయింది అన్నాడు. ఈ చర్చి ఉందని కూడా అప్పుడు తెలియదట.

"ముందు రోజు మనం నడవాల్సిన దారి ఇదేగా. ఇంకెటు పోవాలో తోచలేదు. నడిచాను. వెనక్కి చేతులు పెట్టి పట్టుకుని నడిచాను, కుదుపు తగలకుండా. వీపు మీద బరువే లేదు బుర్గీ. పొద్దుటి నుంచీ సంచి ఖాళీగా ఉందేమోనని రెండుసార్లు ఆగి చూసుకున్నాను. ఈ చూరు కనిపించాక ఇక్కడ దించాను."

ఆమె గోడని ఆనుకుని గడ్డి మీద కూర్చుండిపోయింది. ఏడుస్తున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. అతను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు, కీళ్లు పటపటమన్నాయి.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బతకవన్నాడు డాక్టరు. బతకాలని చెప్పలేదు. తర్వాత నువ్వు ఒక్కసారి కూడా ఎత్తలేదు. మర్చిపోయావనుకున్నాను. మర్చిపోయినదాన్ని ఎందుకు కెలకడం అని ఊరుకున్నాను."

మర్చిపోవడం. ఆమెకి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద, ఎదుటి మనిషి మర్చిపోయారని ఎవరికి వాళ్లు నమ్మి, నలభై మూడేళ్లు చెరోవైపు తిరిగి పడుకున్నారు. ఎంత తెలివితక్కువ మనుషులం అనుకుంది. అతని చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టాలనిపించింది. మెలిపెట్టలేదు గానీ, ఆ చెవి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"మరి బిళ్ల?"

"ఇక్కణ్ణుంచి జలపాతం దాకా పోతే ఆస్పత్రికి బస్సు దొరుకుతుందన్నారు. అక్కడ కొట్లో ముసలావిడ, ఎక్కణ్ణుంచి నడిచొచ్చావు బాబూ అంది. చెరువు నుంచి అన్నాను. ఒక్కడివేనా అంది. కాదన్నాను. గుర్తుగా దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు బుర్గీ. అందుకే కొన్నాను."

గాలికి బీచ్ చెట్ల ఆకులు రాలాయి. కింద ఎక్కడో నది చప్పుడు, ఇక్కడి నుంచి వింటే ఎవరో పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టుంది. ఆమె లోపల ఇంకొక ప్రశ్న ఉంది. ఇన్నేళ్లూ అది అడగడానికి మనిషే లేడు.

"పాపా, బాబా?"

"పాప."

నోట్‌బుర్గా తలూపింది. తనకి తెలుసు. ఎవరూ చెప్పకపోయినా తెలుసు, కానీ తెలిసిన మాటని ఇంకో మనిషి నోట వినడం వేరు. ఒంట్లో ఎక్కడో నలభై మూడేళ్లుగా బిగించి పట్టుకున్నదేదో ఆ రెండక్షరాలకి వదులైంది.

"పేరేమైనా పెట్టావా?"

"నువ్వు లేకుండా ఎలా పెడతాను?" అన్నాడు కాసియన్.

ఆమె లేచి నిలబడింది. చర్చి ముందు చిన్న నీళ్ల తొట్టి ఉంది. టోపీ ఇమ్మని అతని చేతిలోంచి తీసుకుని, తొట్టిలో ముంచి, కారిపోతున్న నీళ్లతో గబగబా వెనక్కి వచ్చింది. చూరు భుజం ఎత్తులోనే ఉంది. చేతులు చాపి, అందినంత పైన, అతను చెక్కిన పెంకుల మీద పోసింది. నీళ్లు ఎండిన చెక్కని నల్లగా తడుపుతూ వరస వరసా దిగి, చూరు అంచున ఒక్క క్షణం ఆగి, గులకరాళ్ల చార మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"ఆఫ్రా," అంది.

అతను ఆమె వంక చూశాడు. ఈ పేరు ఎప్పుడు అనుకున్నావని అడిగాడు. చెరువు దగ్గర, మొదటి రోజే అనుకున్నానంది. పుట్టకముందు పేరు పైకి అంటే మంచిది కాదని తన పుట్టింట్లో పట్టింపు. అందుకే అప్పుడు నీకు చెప్పలేదంది. కాసియన్ టోపీ తీసుకుని తనే తొట్టి దగ్గరికి వెళ్లి, ఈసారి ఒలకకుండా రెండు చేతులతో పట్టుకొచ్చి పోశాడు. ఇద్దరూ చూరు కింద నిలబడి ఆ చుక్కలు ఆగిపోయేదాకా విన్నారు.

కొడుకు వచ్చే వేళవుతోంది. సరిహద్దు రాయి దాటి, సిలువ కొండ ఎక్కి, అవతలికి దిగితే జలపాతం. ఆమె మోకాళ్లు ఇక నావల్ల కాదంటున్నాయి, కాసియన్ మోచెయ్యి అందించాడు, ఆమె పట్టుకుంది. బాట సన్నంగా ఉన్నా ఈసారి పక్కపక్కనే నడిచారు. ఎండ వాలి అడవిలోకి పక్క నుంచి పడుతోంది, వాళ్ల నీడలు చెట్లెక్కి దిగుతున్నాయి. నోట్‌బుర్గాకి అలసటగా ఉంది. అంతకంటే ఎక్కువగా, ఒళ్లంతా కడుక్కుని ఉతికిన బట్టలు కట్టుకున్నట్టు తేలిగ్గా ఉంది.

"శనివారం తొమ్మిదో బిళ్ల దగ్గరికి వచ్చేసరికి," అంది కాసేపటికి, "ఎవరో ఒకళ్లు అడుగుతారు. పెళ్లాన్ని ఆస్పత్రిలో పెట్టి ఒక్కడివే ఎలా నడిచావురా అని."

"అడుగుతారు," అన్నాడు కాసియన్.

"ఒక్కణ్ణే కాదు, మా ఆఫ్రాతో కలిసి నడిచానని చెప్పు. నేను ముందు వరసలోనే ఉంటాగా."

అతను కొన్ని అడుగులు వేశాడు. ఆ తర్వాత, సభలో నిలబడి చెప్పడానికి ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నట్టు, కూతురి పేరు పైకి అని చూసుకున్నాడు.